రూ.65 వేలలో మొదటి గేమింగ్ పీసీ: ఏ పార్ట్ ముందు ఎంచుకోవాలి, ఎక్కడ తగ్గించకూడదు?

మొదటిసారి సొంతంగా గేమింగ్ పీసీ బిల్డ్ చేయాలనుకుంటున్నారా? అయితే పార్ట్‌ల లిస్ట్ చూసే ముందు 2018లో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను.

అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. నాన్న చిట్టీ ఎత్తి 45 వేలు చేతిలో పెట్టారు. "ప్రాజెక్టులకు కంప్యూటర్ కావాలి" అని చెప్పి తీసుకున్న డబ్బు అది. నా మనసులో ఉన్నది మాత్రం జీటీఏ 5. ఐ3 8100 ప్రాసెసర్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డ్ తీసుకున్నాను. ఆ రోజుల్లో రెండూ మంచి పార్ట్‌లే. రంగు రంగుల లైట్లు ఉన్న క్యాబినెట్‌కి మూడున్నర వేలు పెట్టాను. దాంతోపాటు ఎస్ఎంపీఎస్ "ఫ్రీ" అన్నారు. ఎగిరి గంతేసి తెచ్చుకున్నాను.

ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ఒక రాత్రి కరెంట్ పోయి వచ్చింది. టప్‌మని శబ్దం, కాలిన వాసన. మదర్‌బోర్డ్ పోయింది, గ్రాఫిక్స్ కార్డ్ కూడా పోయింది. నా దగ్గర ఉన్నది తెల్ల కాగితం మీద పెన్నుతో రాసిచ్చిన చీటీ. జీఎస్టీ బిల్లు లేదు కాబట్టి వారంటీ అడిగే దారి కూడా లేదు. నాన్న తిట్టలేదు. పండక్కి ఇంటికెళ్లినప్పుడల్లా "ఆ డబ్బా బాగైందా?" అని మాత్రం అడిగేవారు. అదే ఎక్కువ బాధగా ఉండేది.

2024 దసరాకి ముందు మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడిది బీటెక్ మొదటి ఏడు. "అన్నా, 65 వేలున్నాయి. సగం పిన్ని... అదే, అమ్మ ఇచ్చింది. సగం నేను క్యాటరింగ్‌కి వెళ్లి దాచుకున్నవి. నువ్వొస్తే సీటీసీకి వెళ్దాం" అన్నాడు. సీటీసీ అంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. హైదరాబాద్‌లో కంప్యూటర్ పార్ట్‌లు అంటే అందరికీ ముందు గుర్తొచ్చే చోటు.

ఆ 65 వేలు ఎలా ఖర్చు పెట్టామో, ఒక్కో పార్ట్ ఎందుకు అలా ఎంచుకున్నామో ఈ ఆర్టికల్‌లో వరసగా చూద్దాం. మీ బడ్జెట్ 50 వేలైనా, 80 వేలైనా పద్ధతి ఇదే.

ముందుగా రెండు ప్రశ్నలు

షాపుకి వెళ్లే ముందు వాడితో ఒక నోట్‌బుక్‌లో పార్ట్‌లన్నీ రాయించాను. ప్రతి పార్ట్ పక్కన రెండు ప్రశ్నలకు జవాబు రాయమన్నాను.

ఒకటి: దీన్ని ఏడాది తర్వాత సులభంగా మార్చుకోగలనా, లేదా ఇంకొకటి కలుపుకోగలనా?

రెండు: ఇది పాడైతే పక్కనున్న పార్ట్‌లను కూడా పాడు చేస్తుందా?

ర్యామ్, ఎస్ఎస్‌డీ తర్వాత పెంచుకోవచ్చు. క్యాబినెట్ పాతదైనా నడుస్తుంది. కాబట్టి డబ్బు చాలకపోతే వీటి దగ్గర తగ్గించుకోవచ్చు. మదర్‌బోర్డ్ మార్చాలంటే దాదాపు పీసీ మొత్తం విప్పాలి. ఎస్ఎంపీఎస్ పాడైతే పక్కవాటిని కూడా పాడుచేసే ప్రమాదం ఉంది. కాబట్టి వీటి దగ్గర తగ్గించకూడదు. ఈ ఆర్టికల్ మొత్తం మీద ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే, ఈ రెండు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి చాలు.

1. మానిటర్, గేమ్స్: లెక్క ఇక్కడ మొదలు

చాలామంది ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. మీరు మానిటర్‌తో మొదలుపెట్టండి. ఎందుకంటే గ్రాఫిక్స్ కార్డ్ ఎంత కష్టపడాలో నిర్ణయించేది స్క్రీన్ రిజల్యూషనే. 1080పీ స్క్రీన్‌లో దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. 1440పీలో దాదాపు 36.9 లక్షలు, అంటే 1.8 రెట్లు. 4కేలో సరిగ్గా నాలుగు రెట్లు. మొదటి పీసీకి, ఈ బడ్జెట్‌కి 1080పీ సరైన ఎంపిక. 24 అంగుళాల ఐపీఎస్ ప్యానెల్, 100 హెర్ట్జ్ లేదా అంతకంటే ఎక్కువ రిఫ్రెష్ రేట్ ఉంటే బాగుంటుంది.

తర్వాత ఏ గేమ్స్ ఆడతారో రాసుకోండి. మా వాడి లిస్ట్: వాలరెంట్, జీటీఏ 5, సైబర్‌పంక్ 2077. వాలరెంట్‌కి పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు, ప్రాసెసర్ బాగుండాలి. సైబర్‌పంక్ దీనికి పూర్తిగా రివర్స్, గ్రాఫిక్స్ కార్డ్‌ని పిండేస్తుంది. ఒక్క వాలరెంట్ కోసమే అయితే 65 వేలు అవసరమే లేదు.

2. గ్రాఫిక్స్ కార్డ్: పెద్ద వాటా దీనికే

గేమింగ్ పీసీలో ఎక్కువ డబ్బు వెళ్లాల్సింది ఇక్కడికే. మానిటర్, కీబోర్డ్ వంటివి పక్కన పెట్టి, బాక్స్ ఖర్చులో 35 నుంచి 40 శాతం దాకా కార్డ్‌కి పెట్టవచ్చు.

మేము ఆర్ఎక్స్ 6600 తీసుకున్నాం. 2021లో వచ్చిన కార్డ్ ఇది. 8 జీబీ మెమరీ, 132 వాట్ల పవర్, ఒకే ఒక 8 పిన్ కనెక్టర్. "మూడేళ్ల పాత కార్డ్ ఎందుకన్నా?" అని వాడు అడిగాడు. అప్పటి ధరల్లో 20 వేల దగ్గర 1080పీ గేమింగ్‌కి అదే గిట్టుబాటు. దీనికి రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ కూడా ఉంది. అదెందుకు అంటారా? 2024 డిసెంబర్‌లో వచ్చిన "ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్" గేమ్‌కి రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి. ఏఎండీ వైపు ఆ గేమ్ అడిగే కనీస కార్డ్ ఆర్ఎక్స్ 6600. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే ఆర్ఎక్స్ 580, జీటీఎక్స్ 1660 లాంటి కార్డ్‌లలో ఆ హార్డ్‌వేర్ లేదు. పాత గేమ్స్ వరకూ అయితే అవీ ఓకే, కానీ కొత్త గేమ్స్ కొన్ని అసలు మొదలే కావు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సినవి మూడు.

మొదటిది, "4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్" అనే మాట. మెమరీ ఎంత ఉందో చెప్తే సరిపోదు, కార్డ్ పేరు చెప్పమనండి. 2014 నాటి జీటీ 730లో కూడా 4 జీబీ వెర్షన్ ఉంది. దాంతో డిస్‌ప్లే వస్తుంది, కొత్త గేమ్స్ రావు.

రెండోది, ఒకే పేరుతో రెండు కార్డ్‌లు. ఆర్టీఎక్స్ 3050లో 8 జీబీ వెర్షన్ వేరు, 6 జీబీ వెర్షన్ వేరు. తేడా 2 జీబీ మెమరీ ఒక్కటే అనుకోకండి. 6 జీబీ దాంట్లో కోర్‌లు కూడా తక్కువ, మెమరీ బస్ కూడా చిన్నది. దాని పవర్ 70 వాట్లే, 8 జీబీ దానికి 130 వాట్లు. పెర్ఫార్మెన్స్‌లో తేడా బాగా తెలుస్తుంది. అలాగే ఆర్ఎక్స్ 580 పక్కన "2048ఎస్‌పీ" అని ఉంటే అది నిజానికి ఆర్ఎక్స్ 570 స్థాయి కార్డ్.

మూడోది, నకిలీ కార్డ్‌లు. పాత కార్డ్‌కి బయోస్ మార్చి 1050 టీఐ అని అమ్మిన కేసులు చాలా ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి ఎన్విడియా నకిలీలను పట్టుకుని పేరు పక్కనే ఫేక్ అని చూపిస్తుంది. సెకండ్ హ్యాండ్ కార్డ్ అయితే అమ్మేవాళ్ల దగ్గరే ఇది రన్ చేసి చూడండి. కుదరదు అంటే ఆ కార్డ్ వదిలేయండి.

3. ప్రాసెసర్: పేరు కాదు, జనరేషన్ చూడండి

సీటీసీలో ఒక షాపులో మమ్మల్ని చూడగానే, "తమ్ముడూ, ఐ7 సిస్టమ్ ఇస్తా, 18 వేలే. గేమ్స్ అన్నీ మస్తు నడుస్తయి" అన్నారు. మా వాడి కళ్లు మెరిశాయి. ఐ7 అంటే ఐ5 కంటే పెద్దది కదా మరి! బాక్స్ మీద చూస్తే ఐ7 3770. అది 2012 నాటి ప్రాసెసర్. 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్ దాన్ని సులభంగా దాటేస్తుంది. రెండింటిలోనూ 4 కోర్‌లు, 8 థ్రెడ్‌లే. కానీ పదేళ్లలో ఒక్కో కోర్ వేగం చాలా పెరిగింది. పైగా విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్ 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతిది కావాలి. వాలరెంట్ విండోస్ 11లో నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. ఆ ఐ7 కొని ఉంటే వాడి లిస్ట్‌లో మొదటి గేమ్ దగ్గరే ఇరుక్కునేవాడు.

మేము రైజెన్ 5 5600 తీసుకున్నాం. 6 కోర్‌లు, 12 థ్రెడ్‌లు, బాక్స్‌లోనే కూలర్ వస్తుంది. ఇంటెల్‌లో దీనికి జోడీ ఐ5 12400ఎఫ్. అందులోనూ 6 కోర్‌లు, 12 థ్రెడ్‌లే. ఈ రెండింటిలో ఆ రోజు మదర్‌బోర్డ్‌తో కలిపి ఏది తక్కువకి వస్తే అది తీసుకోవచ్చు, గేమ్స్‌లో పెద్ద తేడా ఉండదు.

ఒక చిన్న విషయం. ఇంటెల్‌లో చివర "ఎఫ్" ఉంటే అందులో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉండవు. రైజెన్ 5 5600లోనూ ఉండవు. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ కావాలంటే 5600జీ తీసుకోవాలి. మీ బడ్జెట్ 30, 35 వేలే అయితే గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా 5600జీతో మొదలుపెట్టడం తెలివైన పని. వాలరెంట్, జీటీఏ 5 లాంటివి సెట్టింగ్స్ తగ్గించి ఆడుకోవచ్చు. కార్డ్ తర్వాత కొనుక్కోవచ్చు.

4. మదర్‌బోర్డ్: సాకెట్ కుదిరితేనే పెళ్లి

ప్రాసెసర్‌కి, బోర్డ్‌కి సాకెట్ కలవాలి. రైజెన్ 5 5600కి ఏఎం4, ఐ5 12400ఎఫ్‌కి ఎల్‌జీఏ 1700, రైజెన్ 7000 సిరీస్ నుంచి ఏఎం5. ఏఎం4లో డీడీఆర్4 ర్యామ్ మాత్రమే పడుతుంది. ఏఎం5లో డీడీఆర్5 మాత్రమే. ఎల్‌జీఏ 1700లో రెండు రకాల బోర్డ్‌లూ ఉన్నాయి, కాబట్టి బోర్డ్ పేరులో డీడీఆర్4 ఉందా, డీడీఆర్5 ఉందా చూసుకోవాలి. తేడా వస్తే స్టిక్ స్లాట్‌లో అసలు కూర్చోదు. బలవంతంగా నొక్కకండి.

ఏఎం4 ముగింపుకి వచ్చిన ప్లాట్‌ఫామ్. ఏఎం5కి 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. మరి మేము ఏఎం4 ఎందుకు తీసుకున్నాం? ఏఎం5కి వెళ్తే ప్రాసెసర్, బోర్డ్, ర్యామ్ మూడూ కలిపి చాలా వేలు పెరుగుతున్నాయి. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డ్‌లోంచే తీయాలి. వాడికి ఇప్పుడు ఆడుకోవడం ముఖ్యం. మీ దగ్గర 80, 90 వేలు ఉంటే మాత్రం ఏఎం5కే వెళ్లండి, నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే చాలు.

బోర్డ్‌లో మేము చూసినవి: బీ550 చిప్‌సెట్, నాలుగు ర్యామ్ స్లాట్‌లు, ఒక ఎం.2 స్లాట్. ఏ520 బోర్డ్ ఇంకా చవక, అదీ నడుస్తుంది. కానీ అందులో పీసీఐఈ 3.0 మాత్రమే ఉంటుంది. చవకైన ఏ520, హెచ్610 బోర్డ్‌లలో ఎక్కువగా రెండే ర్యామ్ స్లాట్‌లు ఇస్తారు. పాత స్టాక్ బీ450 బోర్డ్ తీసుకుంటే 5000 సిరీస్ ప్రాసెసర్ కోసం బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని షాపులోనే అడగండి. లేకపోతే ఇంటికొచ్చాక డిస్‌ప్లే రాక తల పట్టుకుంటారు.

5. ర్యామ్, ఎస్ఎస్‌డీ: ఇక్కడ సర్దుకోవచ్చు

16 జీబీ కావాలి. ఒకే 16 జీబీ స్టిక్ కంటే 8 జీబీవి రెండు తీసుకుంటే డ్యూయల్ ఛానల్‌లో పనిచేసి ఫ్రేమ్స్ మెరుగ్గా వస్తాయి. 5600జీ లాంటి ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ వాడేవాళ్లకైతే ఇది తప్పనిసరి. నాలుగు స్లాట్‌ల బోర్డ్‌లో రెండు స్టిక్‌లను సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. పక్కపక్కన కాదు. బోర్డ్‌తో వచ్చే చిన్న పుస్తకంలో బొమ్మ ఉంటుంది, చూసుకోండి.

స్టోరేజ్‌కి 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ చాలు, తర్వాత ఇంకొకటి కలుపుకోవచ్చు. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ చదువుతుంది. పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈ 3,500 ఎంబీ దాకా వెళ్తుంది. గేమ్ లోడింగ్‌లో అంత తేడా కనిపించదు కానీ, రెండింటి ధరా దగ్గరగా ఉన్నప్పుడు ఎన్‌వీఎంఈనే తీసుకోండి. వైర్లు కూడా తక్కువ. కొత్త పీసీలో విండోస్‌ని హార్డ్ డిస్క్ మీద మాత్రం వేయకండి.

6. ఎస్ఎంపీఎస్: నా 45 వేలు ఇక్కడే పోయాయి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

ముందు లెక్క. ఆర్ఎక్స్ 6600కి 132 వాట్లు. రైజెన్ 5 5600 మీద 65 వాట్లు అని రాసి ఉన్నా, ఫుల్ లోడ్‌లో 76 దాకా తీసుకుంటుంది. బోర్డ్, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్‌లకు ఓ 60 వేసుకోండి. మొత్తం 268. గ్రాఫిక్స్ కార్డ్ క్షణకాలం ఒక్కసారిగా ఎక్కువ పవర్ లాగుతుంది, రేపు కార్డ్ మార్చాలన్నా జాగా ఉండాలి. అందుకని 550 వాట్ల ఎస్ఎంపీఎస్ తీసుకున్నాం.

మరి నా పాత దాని మీద కూడా 500 వాట్లు అనే రాసి ఉంది కదా? అక్కడే ఉంది మోసం. ఎస్ఎంపీఎస్ పక్కన స్టిక్కర్ మీద ఒక పట్టిక ఉంటుంది. అందులో +12 వోల్ట్ కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. ప్రాసెసర్‌కి, గ్రాఫిక్స్ కార్డ్‌కి పవర్ ప్రధానంగా అక్కడి నుంచే వెళ్తుంది. ఆంపియర్లను 12తో గుణిస్తే నిజమైన శక్తి తెలుస్తుంది. నా దాని మీద 16 ఆంపియర్లు. అంటే 192 వాట్లు! పేరుకే 500. మంచి 550 వాట్ల దాంట్లో +12 వోల్ట్ మీదే 500 వాట్ల పైన ఉంటుంది.

రెండోది రక్షణలు. మంచి ఎస్ఎంపీఎస్‌లో వోల్టేజ్ పెరిగినా, కరెంట్ ఎక్కువ లాగినా, షార్ట్ అయినా వెంటనే ఆఫ్ అయ్యే సర్క్యూట్‌లు ఉంటాయి. ఫ్రీగా వచ్చే వాటిలో ఖర్చు తగ్గించేది వీటి దగ్గరే. మంచి ఎస్ఎంపీఎస్ పోతే చాలాసార్లు అదొక్కటే పోతుంది. చెత్తది పోతే పక్కవాళ్లను కూడా వెంట తీసుకుపోతుంది.

"80 ప్లస్" గుర్తు గురించి కూడా ఒక మాట. అది కరెంట్ ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే సర్టిఫికెట్. రక్షణలు ఉన్నాయని హామీ కాదు. కానీ పేరున్న కంపెనీ, 80 ప్లస్ బ్రాంజ్, 5 ఏళ్ల వారంటీ మూడూ కలిసి ఉంటే నమ్మవచ్చు.

ఇంకొకటి షాపులో ఎవరూ చెప్పరు: ఎర్తింగ్. మన ఇళ్లలో చాలాచోట్ల మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ మూడో పిన్నుకి వైర్ ఉండదు. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటే కారణం అదే. పీసీ కొనేముందు ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. పిన్నిగారింట్లో చూపిస్తే హాల్లో ఎర్తింగ్ ఉంది, వాడి గదిలో లేదు. ముందు వైర్ లాగించి, తర్వాతే పీసీ పెట్టించాను.

యూపీఎస్ కొంటే వీఏ, వాట్లు ఒకటే అనుకోకండి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. గేమింగ్ పీసీకి, మానిటర్‌కి కలిపి 1000 వీఏ అయితే ఊపిరి ఆడుతుంది.

7. క్యాబినెట్: గాలి ముఖ్యం

ముందు వైపు గాజు కంటే జాలీ ఉన్నది తీసుకోండి. మన ఎండాకాలంలో గది వేడే 38, 40 డిగ్రీలు ఉంటుంది. లోపలికి గాలి రాకపోతే కార్డ్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. కొనేముందు మీ గ్రాఫిక్స్ కార్డ్ పొడవు అందులో పడుతుందో లేదో చూసుకోండి. మా వాడికి లైట్లు లేవని కొంచెం నిరాశ. "లైట్లు తర్వాత వంద రూపాయలకి స్ట్రిప్ కొని అంటించుకోరా" అన్నాను.

మా బిల్లు

2024 దసరా ముందు మేము కట్టింది ఇది:

- ఆర్ఎక్స్ 6600 8 జీబీ: రూ.20,500
- రైజెన్ 5 5600: రూ.11,800
- బీ550 మదర్‌బోర్డ్: రూ.8,400
- 8 జీబీ డీడీఆర్4 3200 స్టిక్‌లు రెండు: రూ.3,400
- 500 జీబీ ఎన్‌వీఎంఈ: రూ.3,300
- 550 వాట్ల బ్రాంజ్ ఎస్ఎంపీఎస్: రూ.4,100
- మూడు ఫ్యాన్‌ల క్యాబినెట్: రూ.3,000

బాక్స్ మొత్తం రూ.54,500.

- 24 అంగుళాల 100 హెర్ట్జ్ మానిటర్: రూ.7,600
- కీబోర్డ్, మౌస్: రూ.1,400
- సర్జ్ ప్రొటెక్టర్: రూ.700

అంతా కలిపి రూ.64,200. మిగిలిన 800తో ఇద్దరం బిర్యానీ తిని బస్సెక్కాం. యూపీఎస్, విండోస్ లైసెన్స్ తర్వాతి నెలలకి వాయిదా వేశాం. మీరు మాత్రం వాటిని ముందే లెక్కలో రాసుకోండి. ఐదారొందలకి ఆన్‌లైన్‌లో దొరికే విండోస్ కీల జోలికి వెళ్లకండి, అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలీదు, ఎప్పుడు బ్లాక్ అవుతాయో తెలీదు.

ఈ ధరలను ఇవాళ్టి ధరలుగా తీసుకోవద్దు. ముఖ్యంగా ర్యామ్. ఏఐ డేటా సెంటర్‌ల నుంచి మెమరీకి డిమాండ్ ఎక్కువై 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అప్పుడు 3,400కి వచ్చిన ర్యామ్ ఇప్పుడు ఆ ధరకి దొరకదు. బడ్జెట్ సరిపోకపోతే ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో చూడండి. పీసీ పార్ట్‌లలో సెకండ్ హ్యాండ్‌లో తక్కువ రిస్క్ ఉన్నది అదే. మెమ్‌టెస్ట్86 పెట్టి ఒక రౌండ్ చెక్ చేస్తే సరిపోతుంది. ఎస్ఎంపీఎస్‌లోంచి మాత్రం ఒక్క రూపాయి కూడా తీసి ర్యామ్‌లో పెట్టకండి.

బిల్డ్ అయ్యాక మొదటి రోజు చేయాల్సినవి

పీసీ బిగించి ఆన్ చేశాం. ఫ్యాన్‌లు తిరిగాయి. స్క్రీన్ నల్లగానే ఉంది. మా వాడి మొహంలో రక్తం లేదు. వెనక్కి వెళ్లి చూస్తే హెచ్‌డీఎంఐ వైర్‌ని మదర్‌బోర్డ్‌కి పెట్టాడు. 5600లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేవు కదా, అక్కడ డిస్‌ప్లే రాదు. వైర్ తీసి గ్రాఫిక్స్ కార్డ్‌కి పెట్టగానే వచ్చింది. మొదటి బిల్డ్‌లో చాలామంది చేసే పొరపాటే ఇది, కంగారు పడకండి.

తర్వాత ఈ నాలుగూ చేయండి:

- బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ ఆన్ చేయండి. లేకపోతే 3200 ర్యామ్ 2133 లేదా 2400 దగ్గరే నడుస్తుంది. మీరు డబ్బులిచ్చి కొన్న వేగం ఊరికే పడి ఉంటుంది.
- విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 100 హెర్ట్జ్‌కి మార్చండి. చాలాసార్లు అది 60 దగ్గరే ఉంటుంది.
- ఒక పెద్ద గేమ్ అరగంట ఆడి టెంపరేచర్‌లు చూడండి. ప్రాసెసర్ 90 దాటుతుంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదని అర్థం.
- జీఎస్టీ బిల్లు మీద ప్రతి పార్ట్ సీరియల్ నంబర్ ఉందో లేదో చూసి, ఫోటో తీసి మెయిల్‌లో పెట్టుకోండి. బాక్స్‌లు పారేయకండి. బిల్లు లేకుండా వెయ్యి రూపాయలు తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. ఆ వెయ్యి నాకెంత ఖరీదైందో పైన చదివారు కదా.

2025 మే నెలలో వాళ్ల ఊళ్లో గాలివాన వచ్చింది. కరెంట్ పోతూ వస్తూ, చివరికి వోల్టేజ్ పెరిగి ఇంట్లో టీవీ సెటాప్ బాక్స్, ఒక ఫ్యాన్ కాలిపోయాయి. వాడు గేమ్ మధ్యలో ఉన్నాడు. పీసీ టక్కున ఆగిపోయింది. రాత్రంతా నిద్రపోకుండా నాకు మెసేజ్‌లు పెట్టాడు. "ప్లగ్ తీసెయ్, పొద్దున చూద్దాం" అన్నాను. నాకూ నిద్ర పట్టలేదు. పొద్దున ప్లగ్ పెట్టి ఆన్ చేస్తే మామూలుగా ఆన్ అయ్యింది.

ఆ వారం ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి నాన్నకి చెప్పాను. ఆయన అంతా విని, "అయితే డబ్బా మంచిదే కొనిచ్చావన్నమాట" అన్నారు.

మీరు కొనబోయే పీసీలో కూడా ఎవరి చిట్టీ డబ్బో, ఎవరి ఓవర్‌టైం డబ్బో ఉండే ఉంటుంది. షాపుకి వెళ్లే ముందు ఆ నోట్‌బుక్ తీసి, రెండు ప్రశ్నలకి జవాబులు రాసుకుని వెళ్లండి. ఆల్ ద బెస్ట్!